మా అన్నయ్య జాలరి ఉద్యోగం

మా అన్నయ్య ఎలాడియో పడవెక్కితే వాంతి చేసుకుంటాడు. స్పెయిన్‌వాళ్ళ లాన్సరోట్ దీవిలో పుట్టి కూడా, యాభై రెండేళ్ళొచ్చినా మోకాలి లోతు దాటి సముద్రంలో దిగలేదు. కొండ మీది మా ఊళ్ళో, అగ్నిపర్వతం కక్కిన నల్లరవ్వలో ఉల్లిపాయలు పండించుకునేవాడు. అలాంటివాణ్ణి పిలిచి మరీ జాలరి ఉద్యోగమిచ్చారు.

కింద తీరాన ఒకప్పుడు నల్లరాళ్ళు తప్ప ఏమీ ఉండేది కాదు. కంపెనీవాళ్ళొచ్చి పుయెర్తో సెరెనో అని ఓ ఊరు కట్టారు. ముందు హోటళ్ళు కట్టారు, తర్వాత వీధులు వేశారు, ఓడల మీద తెల్ల ఇసుక తెప్పించి పోశారు. అన్నీ అయ్యాక ఊరికి పాతదనం లేదని గుర్తొచ్చింది. ఆర్నెల్లలో అదీ కట్టేశారు. పన్నెండు తెల్ల గుడిసెలతో ప్రాచీన జాలరిపల్లె వెలిసింది. ఇక అందులో కూర్చోడానికి జాలరి కావాలి.

నా భర్త నికాసియో అసలైన జాలరి. పదకొండో ఏటి నుంచీ వేటే. ఉద్యోగం అడగబోతున్నాం కదా అని నున్నగా గడ్డం గీసుకుని, పెళ్ళినాటి కోటు తొడుక్కుని వెళ్ళాడు. మేనేజరు బరాహోనా మాద్రిద్ మనిషి. ఎగాదిగా చూశాడు.

"నువ్వు బ్యాంకు గుమాస్తాలా ఉన్నావయ్యా. రెస్టారెంటులో వడ్డించు, పనికొస్తావు."

అదే వేళకి మా అన్నయ్య హోటలు వంటింట్లో ఉల్లిపాయల బస్తాలు దింపుతున్నాడు. కమిలిన మొహం, మాసిన గడ్డం, చిరుగుల టోపీ. బరాహోనా పరుగెత్తుకెళ్ళాడు.

"ఆగు పెద్దాయనా! నాక్కావలసిన జాలరివి నువ్వే."

"అయ్యా, నేను ఉల్లిపాయలు..."

"మాట్లాడకు! ఆ చూపు చూడు! సముద్రాన్ని చూసి చూసి అలా అయిపోయింది."

అన్నయ్యకి చత్వారం.

అలా తొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. వల బాగుచేయడం నేనే నేర్పాను. ఒక్క ముడీ సరిగా పడేది కాదు, అయినా నాలుగు దేశాలవాళ్ళు ఫొటోలు తీసుకునేవారు. పక్కన రంగులేసిన పడవ, దాని నిండా జెరేనియం మొక్కలు. పాతికడుగుల దూరంలో మా ఆయన మెడకి బో టై కట్టుకుని కాఫీలు మోసేవాడు. ఆ తొమ్మిదేళ్ళూ మా అన్నయ్యతో మాట్లాడలేదు. ఏమన్నా చెప్పాలంటే నాతో చెప్పేవాడు: "మీ జాలరిగారికి చెప్పు, వల తిరగేసి పట్టుకున్నాడని."

ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, లుటిష్ అనే జర్మన్ పెద్దమనిషి గాలి పరుపు మీద పడుకుని సముద్రంలో నిద్రపోయాడు. ఒడ్డు నుంచి వీచే గాలి ఆయన్ని మెల్లగా లోపలికి తీసుకుపోయింది. భార్య కేకలేసింది. అంతే, ఒడ్డున ఉన్న జనమంతా మా అన్నయ్య వైపు తిరిగారు. "జాలరీ! జాలరీ!"

తర్వాత నాతో అన్నాడు: "అంతమంది నమ్మేసరికి, ఫేమియా, నాకూ నమ్మకం కుదిరిపోయింది."

పడవని నీళ్ళలోకి తోసి ఎక్కాడు. మొక్కల నీళ్ళు పోవడానికి దాని అడుగున ఆరు బెజ్జాలు పెట్టారని ఎవరికీ గుర్తు లేదు. పది గజాలు పోయి మునిగింది. అన్నయ్య జెరేనియం పూల మధ్య చేతులు కొట్టుకుంటున్నాడు. మా ఆయన పళ్ళెం విసిరేసి, బో కూడా విప్పకుండా దూకి, అన్నయ్య కాలరు పట్టుకున్నాడు.

"నిలబడు బావా! కాళ్ళకి నేల తగులుతుంది!"

తొమ్మిదేళ్ళలో మొదటి మాట అది. నీళ్ళు అన్నయ్య ఛాతీదాకానే ఉన్నాయి.

ఆ తర్వాత మా ఆయనే ఈదుకుంటూ పోయి లుటిష్‌ని పరుపుతో సహా లాక్కొచ్చాడు. ఒడ్డెక్కగానే బరాహోనా గసిరాడు, ఏడో టేబులు వాళ్ళ భోజనం చల్లారిపోయిందని. మా ఆయన బట్టలు మార్చుకోడానికి లోపలికి పోయాడు. పత్రికవాడు వచ్చేసరికి, తడిసిన జర్మన్ పక్కన తెడ్డు పట్టుకుని మా అన్నయ్య ఉన్నాడు. మర్నాడు ఫొటో పడింది: 'సాహస జాలరి'.

అన్నయ్య తిన్నగా బరాహోనా గదికి వెళ్ళి, కాపాడింది నికాసియో అని చెప్పాడు.

"తెలుసు" అన్నాడు బరాహోనా. "వెయిటరు కాపాడాడంటే, ఒడ్డున కాపలా ఉండాల్సిన గార్డు ఏమయ్యాడని అడుగుతారు. జాలరి కాపాడితే ఎవరూ ఏమీ అడగరు."

ఆ ఆదివారం అన్నయ్య బుట్టెడు ఉల్లిపాయలతో మా గుమ్మంలో నిలబడ్డాడు. మా ఆయన కూర్చోమనలేదు.

"ఏం, జాలరిగారూ! మా పేదింటికొచ్చారు?"

"దెప్పకు బావా. ఉద్యోగం మానేస్తున్నాను. నాకు ఈత నేర్పు."

"అరవై ఒకటి నీకు!"

"తొమ్మిదేళ్ళు ఆలస్యమైంది, ఏం చెయ్యమంటావు?"

మా ఆయన నవ్వాపుకోలేకపోయాడు. ఉడికించిన బంగాళాదుంపలూ ఎండుచేపా ముందు పెట్టుకుని ఇద్దరూ సాయంత్రందాకా తిన్నారు. వారంవారం నల్లరాళ్ళ మధ్య మడుగులో పాఠాలు మొదలయ్యాయి. అన్నయ్యకి వెల్లకిలా తేలడం ఒక్కటే వచ్చింది. దానికే పొంగిపోయేవాడు.

ఖాళీ అయిన ఉద్యోగానికి మా ఆయన మళ్ళీ వెళ్ళాడు, ఈసారి గడ్డం పెంచుకుని. "నిన్ను అందరూ వెయిటరుగా ఎరుగుదురు కదా, ఎవరు నమ్ముతారు?" అన్నాడు బరాహోనా. మాద్రిద్ నుంచి ఓ నాటకాల నటుణ్ణి తెచ్చి కూర్చోబెట్టాడు. మంచివాడే. వల ముడులు నా దగ్గరే నేర్చుకున్నాడు, అన్నయ్యకంటే నయం.

లుటిష్ ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపిస్తాడు, 'జాలరి ఎలాడియో' పేరున. పోస్టువాడు దాన్ని ఉల్లి మళ్ళలోకి తీసుకెళ్ళి ఇస్తాడు. అన్నయ్య తెచ్చి మా ఆయన చేతిలో పెడతాడు. జవాబుగా, తన సెలవు రోజుల్లో వేటకెళ్తే ఏయే చేపలు పడ్డాయో, ఏ వైపు గాలి వీచిందో అన్నీ వివరంగా రాసి, కింద 'మీ ఎలాడియో' అని సంతకం పెట్టేది మా ఆయనే.