జొన్నపిండిలో బొటనవేలి గుర్తు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఈ మాట ముందే రాసిపెట్టడం అవసరమని తోచింది. నా ఉద్యోగ జీవితమంతా జనాభా లెక్కల కాగితాల మధ్య గడిచింది. ఎవరైనా వింత సంగతి చెబితే, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతమంది చూశారు అని అడగడం నాకు అలవాటు. మూడింటికీ జవాబు లేకపోతే ఆ సంగతిని పక్కన పెట్టేస్తాను.

ఇప్పుడు నాకు తొంభై దాటాయి. 1949 వేసవిలో, ఇబ్రహీంపట్నంలో, ఒక సోమవారం నుంచి గురువారం దాకా నేను చూసినదానికి ఆ మూడు జవాబులూ ఉన్నాయి. అయినా పక్కన పెట్టలేకపోయాను, ఒప్పుకోనూ లేకపోయాను. ఆ నాలుగు రోజులూ ఏ రోజుది ఆ రోజే రాసుకున్న నోటుపుస్తకం నా దగ్గరుంది. అందులో ఉన్నదే చెబుతాను.

పోలీసు చర్యలో నిజాం ప్రభుత్వం లొంగిపోయింది 1948 సెప్టెంబరు 17న, శుక్రవారం. మరుసటి వేసవికి నగరంలోని ఒక సేవా సంఘం చుట్టుపక్కల ఊళ్ళలో చదువురాని పెద్దవాళ్ళ కోసం బడులు పెట్టింది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. మెట్రిక్ పాసైన ఆడపిల్లలు అరుదు కాబట్టి ఇబ్రహీంపట్నం ఆడవాళ్ళ బడి నాకు ఇచ్చారు. ఇప్పుడు ఆదిభట్ల వైపు కంపెనీ బస్సులు తిరిగే ఆ దారిలో అప్పుడు బండిలో వెళ్ళాను.

బడి అంటే ఒక గది. అంతకు ముందు గింజలు నిల్వచేసిన కొట్టు. ఒక తలుపు, ఇనుప చువ్వలున్న ఒక చిన్న కిటికీ. తాళంచెవి ఒక్కటే, అది నా దగ్గరే. మధ్యాహ్నం పొలం పని ఆగిన వేళ, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా పాఠం. హాజరుపట్టీలో పద్నాలుగు పేర్లు. అందరిలో చిన్నదానికి పంతొమ్మిదేళ్ళు, పెద్దదానికి అరవై దాటాయి. చాలామంది కాపుదనం చేసుకునే ఇళ్ళవాళ్ళు, కొందరు చేపలు పట్టే ఇళ్ళవాళ్ళు. రోజూ ఎవరో ఒకరు నా కోసం రొట్టె మూటగట్టుకుని వచ్చేవారు. పాఠం కంటే ముందు నేను తిన్నానా లేదా అన్నది తేలాలి వాళ్ళకు.

రెండో వారంలో బడి ముందు నుంచి ఒక మిలిటరీ లారీ వెళ్ళింది. ఆ చప్పుడు వినగానే పద్నాలుగు అరచేతులు ఒక్కసారిగా పలకల మీద తిరిగాయి. రాసిందంతా తుడిచేశారు. సాయమ్మ అనే ఆమె లేచివచ్చి, నేను నల్లబల్ల మీద రాసినది కూడా తన కొంగుతో తుడిచి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకు తుడిచారు? ఇప్పుడు ఎవరికి భయం?" అన్నాను.

"భయం గాదు పంతులమ్మా, చెయ్యికి అలవాటైంది. చెయ్యే తుడుస్తది, మేం గాదు" అంది సాయమ్మ. అందరూ నవ్వారు.

అప్పుడు తెలిసింది, వాళ్ళకు నాకంటే ముందు ఒక పంతులు ఉన్నాడని. పేరు నరహరి. నిజాం కాలంలో అనుమతి లేకుండా తెలుగు బడి నడపడం చిక్కుల్లో పడేసే పని. అందుకని ఆయన పలకలు లేకుండా, చాటలో జొన్నపిండి పలచగా పరిచి, అందులో వేలితో రాయించేవాడట. వాకిట్లో పదిమంది చాటలు పెట్టుకుని కూర్చుంటే ఎవరికీ అనుమానం రాదు. బయట అడుగుల చప్పుడైతే అరచెయ్యి ఒక్కసారి తిప్పి చాట కుదిపితే చాలు, అక్షరం మాయం. చూసేవాళ్ళకు పిండిలో నూక చెరుగుకుంటున్న ఆడవాళ్ళే.

ఆయన పద్ధతి ఇంకొకటి ఉండేది. అక్షరం బాగా కుదిరితే దాని కింద తన బొటనవేలితో పిండిలో మెల్లగా ఒత్తేవాడు. వేలు పడిన అక్షరం ఆ పూటకు ఉండవచ్చు. వేలు పడనిదాన్ని తుడిచి మళ్ళీ రాయాలి. ఆయన పోలీసు చర్యకు ముందు ఎండాకాలంలో జ్వరం వచ్చి చనిపోయాడు. పాడె మోసిన నలుగురిలో ఎల్లమ్మ భర్త లింగయ్య ఒకడు.

ఇక్కడ ఎల్లమ్మ సంగతి చెప్పాలి. నలభై అయిదేళ్ళ మనిషి, తక్కువ మాట్లాడేది. ఆమె, లింగయ్య ఇద్దరూ ఇంట్లో ఒకే చాట ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్ళు. పోలీసు చర్య తర్వాత, అడవిలో ఉన్న కమ్యూనిస్టు దళాలకు అన్నం పంపాడన్న అనుమానంతో లింగయ్యను పట్టుకుపోయి నగరంలో జైల్లో పెట్టారు. ఆ వేసవిలో దగ్గరి ఊరు కోహెడ మనిషి ఒకడు జైలు నుంచి విడుదలై వచ్చి ఒక కబురు చెప్పాడు. ఎల్లమ్మ చనిపోయిందని లింగయ్యకు ఎవరో చెప్పారట. పెట్టిన అన్నంలో సగానికి సగం అతను వెనక్కి పంపుతున్నాడట, లేచి నడవలేకుండా ఉన్నాడట.

క్షేమంగా ఉన్నానని ఎల్లమ్మ అంతకు ముందే నగరంలో ఒక మున్షీ చేత ఉత్తరం రాయించి పంపింది. లింగయ్య దాన్ని చించేశాడు. పేర్లు చెప్పించడానికి పోలీసులు ఆడుతున్న ఆట అనుకున్నాడు. "నా పెండ్లాం రాత నాకు ఎరుకే" అన్నాడని కోహెడ మనిషి చెప్పాడు. అంటే ఎల్లమ్మ తన చేత్తో రాయాలి. ఇంకెవరు రాసినా అతను నమ్మడు.

ఆమెకు అక్షరాలు వచ్చు. కాని రాసినది ఉండనివ్వదు. కాగితం మీద రెండు అక్షరాలు రాసేసరికి ఆమె అరచెయ్యి వాటి మీద తిరిగేది. సిరా అలికిపోయేది. నేను లెక్కపెట్టాను, పదకొండు కాగితాలు పాడయ్యాయి. "బాగుంది, ఉండనివ్వు" అని ఎంత చెప్పినా వినలేదు.

"నీకు మస్తు చదువున్నది పంతులమ్మా, కాదంటలే. గానీ మంచిగున్నదో లేదో నాకు తెలుస్తలేదు. తప్పు రాసి పంపిస్తే గాయన మల్ల చింపుతడు" అంది. కళ్ళలో నీళ్ళు లేవు.

సోమవారం నాడు ఆమె ఇంటి నుంచి చాట, జొన్నపిండి తెచ్చుకుంది. పిండి పరిచి వేలితో రాసింది: నేను బతికున్న. బువ్వ తిను. ఎల్లమ్మ. పదమూడు అక్షరాలు. నేను ఎంత వద్దంటున్నా తుడవబోయింది. సాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఒక్క దినం ఉండనియ్యే! నీ రాతను నక్కలెత్తుకపోతయా?" అంది. చాటను గది మూలకు జరిపి, అందరం బయటికి వచ్చాక నేనే తాళం వేశాను.

మంగళవారం ఒంటిగంటకు తాళం తీశాను. పద్నాలుగుమందీ నా వెనకే ఉన్నారు. చాట పెట్టిన చోటే ఉంది. పదమూడు అక్షరాల్లో ఎనిమిదింటి కింద, ఒక్కొక్కదాని కింద ఒక్కొక్కటిగా, బొటనవేలితో ఒత్తిన గుంటలున్నాయి. పక్కన ఎలుక అడుగుల్లేవు. చీమలు చాట అంచు వెంట వెళ్ళాయి, పిండిలోకి దిగలేదు.

ఎవరితోనూ మాట్లాడకుండా నేను ముందు ఆ గుర్తును కాగితం మీద గీసుకున్నాను. పొడవు అంగుళానికి కొంచెం తక్కువ. ప్రతి గుంటలోనూ ఒక వాలుగీత ఉంది. వేలి మీద పాత గాయం ఉంటే పడే గీత అది. గీయడం పూర్తయ్యాక అడిగాను, నరహరి పంతులు బొటనవేలికి ఏదైనా గుర్తు ఉండేదా అని.

"కొడవలి కోసుకున్నది. గిట్ల" అని ఎల్లమ్మ తన వేలి మీద వాలుగా గీత గీసి చూపించింది. నా కాగితం ఇంకా ఆమె చూడలేదు.

వాళ్ళలో ఒక్కరూ భయపడలేదు. "పంతులు వచ్చిపోయిండు" అన్నారు, పక్కింటి మనిషి వచ్చిపోయినట్టు. ఎల్లమ్మ వేలు పడని అయిదింటినీ తుడిచి మళ్ళీ రాయడానికి కూర్చుంది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. బుధవారం పొద్దున్నే పోస్టాఫీసు నుంచి సిరామెత్త అడిగి తెచ్చాను. పద్నాలుగుమంది చేతా రెండు బొటనవేళ్ళ ముద్రలు వేయించాను. నావి రెండు, నాకు ఇల్లు అద్దెకిచ్చిన ఆసామివి రెండు, మొత్తం ముప్పై రెండు. సాయమ్మ ఊరుకుంటుందా?

"ఏందమ్మా గిది! బొటనేలు ఏసుడు బందువెట్టాలని బడికొస్తే నువ్వే ఏయించవడ్తివి. జర చెప్పు, కాలివి గూడ ఏద్దుమా?"

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. కాని ముప్పై రెండు ముద్రల్లో ఒక్కదానిలోనూ ఆ వాలుగీత లేదు. ముందురోజు తాళం వేసినప్పుడు తలుపు రెక్కల మధ్య నేను ఒక దారం కట్టి, ముడి మీద లక్క వేశాను. బుధవారం ఒంటిగంటకు లక్క పగలలేదు. లోపల చాటలో పన్నెండు అక్షరాల కింద గుర్తులున్నాయి. మిగిలింది ఒక్కటే, 'బువ్వ'లో రెండో అక్షరం. అది కుడివైపుకు ఒరిగిపోయి ఉంది. ఎల్లమ్మ దాన్ని ఆ రోజు ఆరుసార్లు రాసి ఆరుసార్లు తుడిచింది.

గురువారం నాటిది నేను కళ్ళారా చూసినది. కాబట్టి వీలైనంత పొడిగా రాస్తాను.

సమయం రెండు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ. ఎండ కిటికీలోంచి చాట మీదే పడుతోంది. గాలి లేదు. చాటను గది మధ్యలో పెట్టించాను. అందరినీ గోడవారగా కూర్చోబెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకొమ్మన్నాను. చాటకు అతి దగ్గరగా ఉన్నది ఎల్లమ్మ, ఆమెకు ఎదురుగా నేను. ఆమె ఆ ఒక్క అక్షరాన్ని మళ్ళీ రాసి, చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకుంది.

కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ఆ అక్షరం కింద పిండి మెల్లగా కుంగింది. ముందు మధ్యలో, ఆ తర్వాత అంచుల దాకా. వేలు ఒత్తితే పిండి ఎట్లా పక్కలకు జరిగి చిన్న గట్టులా లేస్తుందో అట్లాగే లేచింది. చాట కదలలేదు. గుంటలో వాలుగీత ఉంది. పదిహేను మందిమి చూశాం.

నేను సమయం రాసుకున్నాను. ఎల్లమ్మ మాత్రం చాట వైపు వంగి, "గిప్పుడన్న ఒప్పుకుంటివా పంతులూ, మూడొద్దులు సతాయించినవ్" అంది, సొంత అన్నతో తగవు పడ్డట్టు. ఆ తర్వాతే ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

వెంటనే కాగితం అడిగింది. చాటను పక్కన పెట్టుకుని, చూసి చూసి, పదమూడు అక్షరాలూ కాగితం మీదికి ఎక్కించింది. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో బయట బండి వెళ్ళిన చప్పుడైంది. ఆమె అరచెయ్యి లేచింది, గాలిలోనే ఆగింది, మళ్ళీ మోకాలి మీదికి దిగింది. ఆ సాయంత్రమే ఉత్తరం టపాలో వేశాను.

జవాబు ఇరవై ఆరో రోజున వచ్చింది. చదవడానికి నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎల్లమ్మ మొదటి మాట చదివి పక్కామెకు ఇచ్చింది. ఆమె ఒక మాట కూడబలుక్కుని చదివి ఇంకొకరికి ఇచ్చింది. అలా కార్డు చేతులు మారుతూ గదంతా తిరిగింది. లింగయ్య రాసింది ఇది: "ఎల్లమ్మా రాత నీదే. బువ్వ తిన్న. నీ వ్వ గిప్పటికి వంకరనే."

చివరి మాట విని ఎల్లమ్మ మండిపడింది. "పంతులే మెచ్చిండు, గాయనకేం తెలుసు!" అంది. కార్డును మాత్రం రవికెలో దాచుకుంది. తర్వాత మళ్ళీ తీసి, అప్పటికే చదివినవాళ్ళ చేత కూడా ఇంకోసారి చదివించింది.

ఆ గురువారం తర్వాత చాటలో గుర్తు మళ్ళీ పడలేదు. నేను ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ ప్రతిరోజూ చూశాను. పిండి తేమవల్ల కుంగిందేమోనని తడిపిండితో, పొడిపిండితో, నూకతో పరీక్షించాను. చాట అల్లిక వదులైందేమోనని విప్పించి చూశాను. ఉద్యోగంలో పైకి వచ్చాక నాకంటే చదువుకున్నవాళ్ళకు ఆ కాగితాలు చూపించాను. సామూహిక భ్రమ అన్నారు ఒకరు. అందరి తలల్లోనూ ఒకే వాలుగీత, ఒకే కొలతతో ఎట్లా పడిందో ఆయన చెప్పలేదు. డెబ్బై ఏళ్ళకు పైగా అయింది. నేనూ చెప్పలేను.

చెప్పగలిగింది ఇంకొక్కటే. జవాబు వచ్చిన మరుసటి వారం ఆడవాళ్ళందరూ పలకల మీద రాశారు, తుడవకుండా నా వైపు చూస్తూ కూర్చున్నారు. ఏమిటని అడిగాను.

"పంతులు ఇగ రాడు" అంది ఎల్లమ్మ. "గాయన పని అయిపాయె. ఇగ నువ్వే ఒత్తాలె."

అక్షరజ్ఞానానికి దానితో సంబంధం లేదని చెప్పబోయాను. పద్నాలుగు ముఖాలూ నా బొటనవేలి వైపే చూస్తున్నాయి. చాట తెప్పించి, పిండిలో సాయమ్మ రాసిన అక్షరం కింద నా బొటనవేలు పెట్టాను. ఎల్లమ్మ వంగి, దగ్గరగా చూసి, తల అడ్డంగా ఊపింది.

"జర గట్టిగ ఒత్తు పంతులమ్మా."