తుడిచేసిన టీకా

పెద్దమ్మ పోయిందని మొన్న మంగళవారం ఎమ్మిగనూరు నుంచి కబురొచ్చింది. తెచ్చిన మనిషి నీళ్లు తాగి, నిద్రలోనే పోయిందనీ ఏమీ బాధపడలేదనీ చెప్పాడు. పదిహేనేళ్లుగా పడిన బాధ చాలదా ఆమెకు?

ఆమె మా పెద్దనాయన భార్య. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మా ఉమ్మడి ఇంటికి పెద్ద కోడలు. ఎవరు ఏ కబురు మోసుకొచ్చినా ఆమె అడిగేది ఒకటే: "నువ్వు చూసినావా, విన్నావా?" విన్నానంటే ఇక మాట సాగనిచ్చేది కాదు, చారులో ఉప్పు చూసుకునేది. నాలాంటి వాగుడుకాయకు ఆ ప్రశ్నంటే హడలు.

అంతటి మనిషీ జేజి ముందు మాత్రం నోరెత్తేది కాదు. జేజి అంటే మా నాయన తల్లి. ఒక ఏడు ఊళ్లో మశూచి మొదలైంది. సర్కారు టీకాలాయన మా వీధికొస్తే మగవాళ్లు కుర్చీ వేసి, మజ్జిగిచ్చి, పిల్లల చేతులు చూపించారు. సర్కారు మనిషితో తగువెందుకని. ఆయన వీధి మలుపు తిరగ్గానే ఆడవాళ్లు పేడనీళ్లలో తడిపిన గుడ్డలు తెచ్చి, ఆయన చేతులు గీరి రాసిన మందు ఆరకముందే తుడిచేశారు. అమ్మవారిని సూదితో గెలికితే ఊరుకోదని జేజి నమ్మకం. ఆమె మాట మీద పెద్దమ్మ తన ఆరేళ్ల కూతురి చెయ్యి తానే తుడిచింది.

నెల తిరక్కుండానే ఆ పిల్లకు అమ్మవారు పోసింది. గడపకు వేపమండలు కట్టారు, తాలింపు మానేశారు, లోపలివాళ్లు బయటికి పోలేదు. తొమ్మిదో రోజున పిల్ల పోయింది. నేనప్పుడు తుగ్గలిలో మా అమ్మమ్మ దగ్గరున్నాను. ఇంతవరకూ నేను విన్నది. ఇక మీదట చెప్పేది చూసింది.

నేను తిరిగొచ్చేసరికి పెద్దమ్మ నడిమింట్లో గోడకానుకుని కూర్చుని ఉంది. పరామర్శకొచ్చిన ప్రతి ఆడమనిషీ టీకా వేయించినా పిల్ల దక్కలేదే అని ఏడ్చి, అదే మాట పట్టుకుని పోయేది. కైరుప్పల నుంచి పత్తి బండితో వచ్చిన రైతు, మీ ఇంటి సంగతి విని మా ఊళ్లో టీకాలాయన్ని తరిమేశామని పెద్దనాయనతో గొప్పగా చెప్పాడు. గోడ ఇవతల పెద్దమ్మ చెవులు మూసుకుంది.

పాపం, ఎటు కదులుతుంది? నిజం చెబితే బిడ్డను తానే చేజేతులా పోగొట్టుకున్నానని ఒప్పుకోవాలి, అత్తను వీధిలో నిలబెట్టాలి. చెప్పకుంటే ఆ బిడ్డ చావునే సాక్ష్యంగా చూపి ఊరూరా పిల్లల్ని టీకాకు దూరం చేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చునేది. నేను అడిగితే ఆకలి లేదనేది.

టీకాలాయన మళ్లీ వస్తాడని తెలిసింది. సర్కారు లెక్కలో టీకా పడనిదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే. నాకు వేయించేది లేదని జేజి తేల్చేసింది. మా అమ్మ తలవంచుకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు, నిజమే, కళ్లారా చూశాం కదా అన్నారు.

అప్పుడు పెద్దమ్మ నోరు తెరిచింది.

"ఏం చూసినారు? దానికి టీకా పడితే గదా! ఆయప్ప అట్ల పోతానే నేనే తుడిచేసినా. మీరూ మీ పిల్లోళ్లకు తుడిచినారు. అది నేను చూసినా."

ఆడవాళ్లు కొంగులు సర్దుకుని లేవబోయారు. అందరి ఇళ్లలోనూ ఆ తడిగుడ్డ ఉంది మరి. జేజి అంది: "బిడ్డ పోయి మతి సెడింది దీనికి."

ఊరు ఆ మాటే నమ్మింది. అది నమ్మితే ఎవరూ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. నిజం విని జనం మారారని రాయాలని నాకూ ఉంది, కానీ ఒకరిద్దరు తప్ప మారలేదు. పెద్దనాయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఏడాది తిరక్కుండానే ఆమెను ఎమ్మిగనూరులో పుట్టింటికి పంపేశారు. మతి చెడినదన్న పేరుతోనే అన్న ఇంట్లో ఓ మూల బతికింది. నేను చూడబోయినప్పుడల్లా నా పిల్లలకు టీకా వేయించానా అని మాత్రం అడిగేది. ఈ మనిషి నాకు ప్రాణం పోసిందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు టీకాలాయన మళ్లీ వచ్చిన రోజు నన్ను వీధి అరుగు మీదికి లాక్కొచ్చింది ఆమే. ఆయన గీరి, మందు రాసి, పక్కింటికి పోయాడు. గడప లోపల జేజి తడిగుడ్డతో నిలబడి ఉంది. పెద్దమ్మ నా మణికట్టు రెండు చేతులా పట్టుకుని ఎండలో కూర్చుంది. జేజి రెండుసార్లు పిలిచింది. ఆమె లేవలేదు. నాకు చెయ్యి తిమ్మిరెక్కింది.

"ఆరిపోయింది పెద్దమ్మా, ఇడిసిపెట్టు" అన్నాను.

ఆమె నా చేతి వంక చూసింది. మందు ఎప్పుడో ఆరిపోయింది.

"ఇంగ రోంత సేపుండు తల్లీ" అంది, వదలకుండా.