మూడో వరసలో కూర్చున్న కోటు

నోట్లో గుండుసూదులు ఉన్నంతసేపే ఆవిడ మాట్లాడదు. అవి తీసిందంటే ఇక ఆపడం ఎవరితరమూ కాదు. అందుకే తెలిసినవాళ్ళంతా ఆవిణ్ణి సూదుల పిన్ని అంటారు. పరాయి దేశంలో ఒక బట్టల దుకాణం వెనకగదిలో, కిటికీ కూడా లేని చోట, పదకొండేళ్ళుగా కోట్లు కుడుతోంది. కుట్టేది ఈవిడ, కాలరు లోపల పట్టీ మీద పేరు యజమానిది. కొనుక్కున్నవాళ్ళు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, మురిసిపోయి, యజమానితో చెయ్యి కలిపి వెళ్ళిపోతారు. వెనకగదిలో ఒక మనిషి ఉందని వాళ్ళకేం తెలుసు?

సొంతంగా బోర్డు పెట్టుకోవాలంటే ఆ దేశంలో దర్జీ పరీక్ష పాసవ్వాలి. అది ఏడాదికి ఒక్కసారే, బస్సులో ఆరు గంటల దూరంలో ఉన్న పెద్ద నగరంలో పెడతారు. స్వయంగా కుట్టిన కోటు ఒకటి చూపించి, వాళ్ళ కళ్ళెదుట ఇంకో కోటుకి చెయ్యి కుట్టి ఎక్కించాలి. ఎన్నో దరఖాస్తుల తర్వాత ఈ ఏడు పిన్నికి పిలుపు వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి, కోటుతో సహా హాజరు కావాలి. నాలుగు నెలల ఆదివారాలు కూర్చుని బూడిదరంగు ఉన్ని కోటు కుట్టింది.

ఉదయం ఆరింటి బస్సు. సీట్లకి నంబర్లు లేవు, ఎవరు ముందెక్కితే వాళ్ళది. వెనక కూర్చుంటే పిన్నికి కడుపులో తిప్పుతుంది. అందుకని గంట ముందే వెళ్ళి మూడో వరసలో కిటికీ పక్కన చోటు సంపాదించింది. మొదటిసారి బస్సు ఆగినప్పుడు సీట్లో రుమాలు వేసి దిగింది. మనవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? రుమాలు పడ్డ సీట్లో కూర్చోవాలంటే ఎంత మొండివాడైనా ఒకసారి అటూ ఇటూ చూస్తాడు. తిరిగొచ్చేసరికి అక్కడ ఓ పెద్దమనిషి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. రుమాలు వేలికొసలతో పట్టుకెళ్ళి, ఎవరో పారేసుకున్నారని డ్రైవరుకి అప్పగించాట్ట.

"అది నా సీటు" అంది పిన్ని.

"మీరు లేరు కదా!" అన్నాడతను.

ఆ దేశపు భాష పిన్నికి పనికి సరిపడా వచ్చు, కోపానికి సరిపడా రాదు. అందుకని అతని నెత్తిమీద నిలబడి అలాగే చూసింది. చివరికి అతనే గొణుక్కుంటూ లేచి వెనక్కి పోయాడు.

తొమ్మిదిన్నరకి బస్సు మళ్ళీ ఆగింది. పావుగంట టైమన్నాడు డ్రైవరు. ఈసారి పిన్ని రుమాలుని నమ్ముకోలేదు. సంచిలోంచి కోటు తీసి సీటు వీపుకి తొడిగింది. బొత్తాలు పెట్టింది. కోటు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నట్టు మడిచింది. పైన తల ఆనే చోట తన ఉన్ని స్కార్ఫు చుట్టి, కొసలు కాలరులోకి దోపింది. ఇప్పుడు ఎవడు కూర్చుంటాడో చూద్దాం అనుకుని దిగింది.

పన్నెండు నిమిషాలకల్లా తిరిగొచ్చింది. బస్సు లేదు.

అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది. టికెట్ల గదిలో అమ్మాయి గోళ్ళు చూసుకుంటూ, "అందరూ ఎక్కేశారని డ్రైవరు ముందే బయల్దేరాడు. తర్వాతి బస్సు పదకొండింటికి" అంది నిమ్మకు నీరెత్తినట్టు. మూడు నిమిషాలు! పావుగంట అన్నవాడు పావుగంట ఉండాలా వద్దా? వాడి నోటిమాటకి వాడికే లెక్కలేకపోతే ఆ గోడమీద అంత గడియారం ఎందుకు? పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడికి ఫోను చేసింది. ఆయన బేకరీలో పని.

"ఏమండీ, బస్సు నన్నొదిలేసి పోయింది!"

"అయ్యో! మరి కోటు?"

"కోటు వెళ్ళింది."

"నువ్వెళ్ళకుండా కోటెలా వెళ్ళిందే?"

"సీట్లో కూర్చుని వెళ్ళింది! నన్ను విసిగించకండి."

"పోనీలే, వచ్చే ఏడు వెళ్దువుగాని."

"పోనీలే, పోనీలే అంటూనే పదకొండేళ్ళు ఆ చీకటి కొట్లో పడున్నాను. ఇంక పోనివ్వను!" అని ఫోను పెట్టేసింది.

పదకొండింటి బస్సు ఆవిణ్ణి ఒంటిగంటన్నరకి నగరంలో దింపింది. కోటు స్టేషనులో, దొరికిన వస్తువుల బీరువాలో ఉంది, గొడుగుల మధ్య. దాన్ని గుండెలకి హత్తుకుని పిన్ని తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఇంకా నోరు తెరవనే లేదు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "మా తప్పేం లేదు" అన్నాడు మేనేజరు. డ్రైవరు రాసిచ్చిన కాగితం చదివి వినిపించాడు: బయల్దేరే ముందు అద్దంలో చూసి తలలు లెక్కపెట్టాను, మూడో వరసలో కిటికీ పక్కన కోటు వేసుకున్న మనిషి నిద్రపోతూ కనిపించారు, అందరూ ఉన్నారని నిర్ధారించుకున్నాను.

"చూశారా? మా డ్రైవరు నియమం ప్రకారమే చేశాడు. వస్తువులతో మనిషి ఉన్నట్టు భ్రమ కల్పించింది మీరు" అన్నాడు.

నీ నియమం తగలెయ్య! మనిషిని నడిదారిలో వదిలేసి, మూడు నిమిషాలు ముందే ఉడాయించి, పైగా నేరం ఈవిడదా? పిన్ని కోపంతో తెలుగులో చాలా అంది. ఆయనకి ఒక్క ముక్కా అర్థంకాలేదు కాని రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు పిన్ని ఊపిరి పీల్చుకుని, వాళ్ళ భాషలో నెమ్మదిగా అడిగింది:

"ఇప్పుడు చదివిందంతా నాకు కాగితం మీద ఇస్తారా? ముద్ర వేసి?"

తప్పు తమది కాదని రాసివ్వడం కన్నా ఆయనకి ఆనందమేముంది? రెండు ముద్రలు వేసి మరీ ఇచ్చాడు.

పరీక్ష జరిగే చోటుకి చేరేసరికి రెండూ ఇరవై. తలుపు దగ్గర గుమాస్తా గడియారం చూపించి, "రెండింటికే మూసేశాం" అన్నాడు. బస్సు మూడు నిమిషాలు ముందు వెళ్ళిపోతే నియమం, మనం ఇరవై నిమిషాలు ఆలస్యమైతే నేరం! పిన్ని గొంతు హాలంతా వినిపించింది. ఆ అరుపులకి లోపల్నించి మెడలో టేపు వేసుకున్న ముసలాయన బయటికొచ్చాడు. పరీక్ష పెట్టేది ఆయనే.

పిన్ని కాగితం ఆయన చేతిలో పెట్టింది. "నా కోటు పరీక్షకి టైముకే వచ్చింది. నేనే రాలేకపోయాను. ఎందుకో మీరే చదవండి."

ముసలాయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. కోటు అడిగి తీసుకుని, వరండాలో కుర్చీ వీపుకి తొడిగి, బొత్తాలు పెట్టాడు. వరండా చివరిదాకా నడిచి వెళ్ళి వెనక్కి తిరిగి చూశాడు.

"భుజం అలా ఎలా నిలబెట్టావమ్మా?" అన్నాడు దగ్గరికొచ్చి.

"లోపల వేసే కాన్వాసు గుడ్డ చేత్తో కుట్టాను. మిషను తగలనివ్వలేదు" అంది పిన్ని, అంత కోపంలోనూ.

ఆయన గుమాస్తా వైపు చూసి, "తలుపు తియ్యి. ఈవిడ ఇంకా చెయ్యి ఎక్కించాలి" అన్నాడు.

సర్టిఫికెట్ మూడు వారాలకి వచ్చింది. బస్సువాళ్ళ నుంచి క్షమాపణ మాత్రం ఇప్పటిదాకా రాలేదు, పిన్ని నాలుగు ఉత్తరాలు రాసినా సరే. ఇప్పుడు ఆవిడ దుకాణానికి కిటికీ ఉంది, పైన తన పేరుతో బోర్డు ఉంది. సర్టిఫికెట్ మిషను వెనక గోడకి ఎక్కడో ఉంటుంది. కొలతలిచ్చే అద్దం పక్కన, అందరికీ కనపడేలా పటం కట్టి పెట్టింది మాత్రం రెండు ముద్రలున్న ఆ కాగితాన్నే. అదేమిటని ఎవరైనా అడిగితే, పిన్ని నోట్లోంచి గుండుసూదులు తీస్తుంది.