అన్నమ్మ దిద్దిన మాట

మలేషియాలోని బంటింగ్‌లో మా వీధి చివర కొబ్బరి కొట్టు ఒకటి ఉంది. లారీలో నుంచి ఎండు కొబ్బరి బస్తాలు దించే రోజున ఆ వాసన మా వరండా దాకా వస్తుంది. పొగా నూనే కలిసిన వాసన, గొంతులో పట్టుకుంటుంది. అది తగిలితే నా చేతిలో పని ఆగిపోతుంది. సుంగై సుమున్ దగ్గరి కొబ్బరి తోట, తాటాకులాంటి అత్తాపు ఆకు కప్పిన చిన్న ఆస్పత్రి, దాని వెనక గదిలో పెదవి కదపకుండా కూర్చున్న మనుషులు కళ్లకు కడతారు. వాళ్ల మధ్య అన్నమ్మ కనిపిస్తుంది.

ఆమె అసలు పేరు హన్నా. ఇంగ్లండు మనిషి. కొన్నేళ్లు మన ఆంధ్ర తీరంలో నర్సుగా పనిచేసి, తెలుగు నేర్చుకుని, తర్వాత మలయాకు వచ్చింది. తోటలో కూలీల లైను ఇళ్ల వాళ్లం ఆమెను అన్నమ్మ దొరసాని అనేవాళ్లం. దొరసాని అన్న మాట వింటే ఆమె మొహం ముడుచుకునేది. "నాకు పేరు ఉన్నది కదా, పేరుతో పిలువుము" అనేది పుస్తకంలో మాటల్లాంటి తెలుగులో. పేరు పెట్టి పిలవడానికి మాకు నోరు రాక, చివరికి అన్నమ్మ దగ్గర ఆగాం. ఆమె క్వేకరు. క్రైస్తవుల్లో వాళ్లదొక తెగ. పాస్టరు ఉండడు, పాట ఉండదు, సిలువ ఉండదు, నీళ్లలో ముంచడం ఉండదు. ఆదివారం ఒక గదిలో చేరి ఊరకే కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట తోస్తే లేచి చెబుతారు. తోచకపోతే గంట గడిచాక పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని నొక్కి లేచిపోతారు. మొదటిసారి కిటికీలోంచి చూసి, వీళ్లకేదో ఆపద వచ్చిందనుకున్నాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. జపాను వాళ్లతో యుద్ధానికి పదేళ్ల ముందు మాట. నా భర్త జ్వరంతో పోయాడు. అన్నయ్య అప్పలసామి ఇంట్లో ఉంటూ కొబ్బరి కొట్టే పనికి పోయేదాన్ని. ఒకరోజు పక్కింటావిడకు నొప్పులు మొదలైతే ఆస్పత్రికి నడిపించుకుపోయాను. బిడ్డ కాళ్లతో వస్తోంది. అన్నమ్మ నన్ను బయటకు పొమ్మనలేదు. "చేతులు కడిగి ఇక్కడ పట్టుకొనుము. లాగవద్దు. ఆగుము" అంది. ఎంతసేపు ఆగానో తెలియదు, చేతులు వణకలేదు. బిడ్డ బతికింది. అన్నమ్మ నా చేతులకేసి చూసి "రేపు కూడా రమ్ము" అంది. అలా మూడేళ్లు. మంత్రసాని పని నేర్పింది, అక్షరాలు నేర్పింది. మతం మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆదివారం ఆ గదిలోకి నేనే వెళ్లాను, ఎవరూ పిలవలేదు. తోట బడిలో చెప్పే దేవదాసు మాష్టారు జరిగి చోటిచ్చారు.

అన్నయ్యకు అది నచ్చలేదు. ఆయన లైనులో మేస్త్రీ, మరిడమ్మ గుడి పెద్ద. "ఏటే పైడీ, ఆల్ల మతంలో కలిసిపోనావా?" అన్నాడొకరోజు.

"ఊరికే కూకుంటన్నాను అన్నయ్యా."

"ఊరికే కూకోడానికి ఇంట్లో సోటు లేదేటి? ఆల్లు నీ నోట ఒక్క మాట అనిపించుకుంటే సాలు. అన్న రోజున మా గడప తొక్కకు."

ఆ ఒక్క మాట కోసమే ఇంగ్లండు నుంచి కూడా మనుషులొచ్చారు. మా ఆస్పత్రికి మందులు పంపే క్వేకర్ల సంఘంలో కొందరికి నా సంగతి తెలిసింది. క్రీస్తును నమ్మని మనిషి తమ పేరున పనిచేయడం, తమ ఆరాధనలో కూర్చోవడం సరికాదని వాళ్లనుకున్నారు. సంగతి తేల్చడానికి జోసెఫ్, ఎడిత్ అనే ఇద్దరు పెద్దవాళ్లు పెనాంగు రేవు జార్జ్ టౌన్‌లో ఓడ దిగి మా దగ్గరకు వచ్చారు. జోసెఫ్ తెల్ల గడ్డం మనిషి, ఎప్పుడూ చేతిలో బైబిలు. ఎడిత్ సన్నగా, చెవి కాస్త తక్కువగా వినపడే ఆవిడ. ముందు రోజు అన్నమ్మ నన్ను పిలిచి చెప్పింది. "రేపు నిన్ను అడుగుతారు. నన్ను కాపాడుటకు ఏమియు చెప్పవద్దు. నిజమైనది మాత్రమే చెప్పుము."

ఆ రాత్రంతా లెక్క వేసుకుంటూ పడుకున్నాను. అవునంటే అన్నయ్య ఇల్లు పోతుంది. కాదంటే పని పోతుంది. ఆ పని లేని బతుకు ఎలా ఉంటుందో నేను చూసే ఉన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వెనక గదిలో ఐదుగురం కూర్చున్నాం. బయట ఉక్క, చెట్టు ఆకు కదలడం లేదు. నా మాటలు ఇంగ్లీషులో చెప్పమని దేవదాసు మాష్టారిని కోరింది అన్నమ్మ. తన విషయమే విచారణలో ఉన్నప్పుడు తను అనువాదం చేస్తే న్యాయం కాదంది. కాసేపు మౌనం అయ్యాక జోసెఫ్ నెమ్మదిగానే అడిగాడు. మాష్టారు తెలుగులో చెప్పారు. "ఏసుక్రీస్తును నీ రక్షకుడిగా నమ్ముతున్నావా అని అడుగుతున్నారమ్మా."

"లేదయ్యా. నాను మరిడమ్మకే మొక్కుతాను. ఈడ కూకుంటే మనసు నిమ్మలమవుతాది. ఎందుకో నాకు తెల్దు" అన్నాను.

మాష్టారు నాకేసి ఒక్క క్షణం చూశారు. మంచి మనిషి. నాది తన కూతురి వయసని ఎప్పుడూ అనేవారు. ఆయన జోసెఫ్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పారు. నాకప్పటికి కొన్ని మాటలు తెలుసు. దారిలో ఉంది, త్వరలోనే నమ్ముతుంది అంటున్నారని అర్థమైంది. జోసెఫ్ మొహం విచ్చుకుంది. గట్టెక్కానని నాకూ ఊపిరి వచ్చింది. నేను నోరు విప్పలేదు. ఆ అబద్ధం నాది కాదుగదా అనుకున్నాను.

అప్పుడు అన్నమ్మ లేచి నిలబడింది. "దేవదాసూ, ఆమె అట్లు చెప్పలేదు" అంది. నేనన్న మాటలు ఒక్కొక్కటే ఇంగ్లీషులో చెప్పింది, మరిడమ్మ పేరుతో సహా. మాష్టారు తల దించుకున్నారు. తర్వాత నా వైపు తిరిగింది. "నీవు చెప్పినది చెప్పినట్లే చెప్పితిని. తప్పున్నచో దిద్దుము."

ఆ క్షణంలో ఆమె మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ గుర్తుంది. నా బతుకు తీసి అందరి ముందూ పెట్టేసింది. తప్పేమీ లేదని తల ఊపాను. ఇంకేం చేయగలను?

వాళ్లలో చేతులెత్తి ఓట్లు వేయడం లేదు. అందరికీ ఒక దారి తోచేదాకా కూర్చుంటారు. కూర్చున్నాం. చెమట వీపు మీద కారుతుంటే తుడుచుకోవడానికి కూడా భయం వేసింది. చాలాసేపటికి ఎడిత్ లేచింది. ఆమె చెప్పిందీ, ఆ తర్వాత మిగతావాళ్లు అన్నదీ ఈసారి మాష్టారు మాట పోకుండా నాకు చెప్పారు. "ఈ ప్రశ్న నన్ను అడిగితే నేను కూడా అవునని చెప్పలేను. ఏసు నాకు మంచి గురువు, అంతే. దేవుడున్నాడో లేడో నాకు తెలియదు. ఈ మౌనంలో ఏదో ఉందని మాత్రం తెలుసు. ఈమెను పంపేస్తే నన్ను కూడా పంపేయాలి."

జోసెఫ్ బైబిలు మీది చెయ్యి తీశాడు. "నలభై ఏళ్లుగా మనం ఒకే గదిలో కూర్చుంటున్నాం, ఎడిత్."

"నువ్వెప్పుడూ అడగలేదు, జోసెఫ్."

నేను బిత్తరపోయాను. ఒకే మతం, ఒకే గది, నలభై ఏళ్లు. ఆయనకున్న దేవుడు ఆవిడకు లేడు! అన్నమ్మ కూడా ఎడిత్ లాంటిదే అయ్యుంటుంది, అందుకే నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు అనుకున్నాను. అంతలో అన్నమ్మ మళ్లీ లేచింది.

"నా నమ్మకం జోసెఫ్ నమ్మకమే" అంది ఇంగ్లీషులో. "క్రీస్తు లేకుండా నాకు రోజు గడవదు. పైడమ్మ ఆయనను తెలుసుకోవాలని మూడేళ్లుగా ప్రతి ఉదయం ప్రార్థిస్తున్నాను. కానీ భయపెట్టి ఆమె నోట ఆ మాట రాబట్టలేను. అలా వచ్చిన మాట ఆయనకు పనికిరాదు."

మళ్లీ మౌనం. వాన మొదలై, జోరందుకుని, వెలిసింది. జోసెఫ్ కళ్లు మూసుకునే ఉన్నాడు. చివరికి కూర్చునే మాట్లాడాడు. "నా మనసు మారలేదు. ఇక్కడ జరుగుతున్నది సరైనదని నాకు తోచడం లేదు. కానీ ఈమెను పంపేయమనే మాట కూడా నా నోట రావడం లేదు. నేను అడ్డు నిలవను." అని పక్కనున్న ఎడిత్ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అందరూ వెళ్లాక అన్నమ్మను నిలదీశాను. "నన్ను గెంటేసి ఉంటే ఏటి సేసేదానివి?"

"నీతో కూడ నేనును పోయెడిదానను. ఎక్కడికో తెలియదు."

"నిజంగా రోజూ నా కోసం మొక్కుతున్నావా?"

"అవును. మానుమందువా?"

"మానొద్దు" అన్నాను.

ఇంటికి చేరేలోపే కబురు చేరింది. అన్నయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "దొరల ముందు మరిడమ్మ పేరు సెప్పినావంట! నా సెల్లెలివే!" అని వదిన చేత కోడికూర వండించాడు. తింటూ అందరికీ చెబుతున్నాడు, ఇక ఆ గది మొహం చూడదని. నేను ఊరుకుని ఉంటే ఆ పూట హాయిగా గడిచిపోయేది. మధ్యాహ్నం మాష్టారి మాట చాటున దాక్కున్న సంగతి గుర్తొచ్చి చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఆదోరం ఆడ కూకోడం మాననన్నయ్యా" అన్నాను. "ఆడ నాకేదో అవుతాది. అది మరిడమ్మో, ఆల్ల దేవుడో నాకు తెల్దు."

అన్నయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. నా పెట్టె తెచ్చి మెట్టు మీద పెట్టాడు. వదిన ఏడ్చింది, ఆయన వినలేదు. ఆ రోజు నుంచి ఆస్పత్రి పక్క చిన్న గదిలో ఉన్నాను. రెండేళ్లు ఆయన నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్క దారి పట్టేవాడు. వదినకు నొప్పులు వచ్చి, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు మాత్రం తనే పరిగెత్తుకొచ్చి ఆస్పత్రి గుమ్మంలో నిలబడ్డాడు. "పైడీ" అన్నాడు. అన్నమ్మా నేనూ కలిసి బిడ్డను తిప్పి బయటకు తీశాం. ఆడపిల్ల. నేను ఆ గదిలో కూర్చోవడం అన్నయ్య చనిపోయేదాకా ఒప్పుకోలేదు. కానీ నన్ను ఇంటికి తీసుకుపోయాక మళ్లీ ఎప్పుడూ నా పెట్టె బయట పెట్టలేదు.

అన్నమ్మ జబ్బుపడి యుద్ధానికి ముందే ఓడెక్కింది. మళ్లీ రాలేదు. పోయిందని ఎడిత్ ఉత్తరం రాసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు మంత్రసానిగా ఎన్నో ఇళ్లకు తిరిగాను. కొన్ని ఇళ్లలో దేవుడి పటాలు, కొన్నిట్లో సిలువ, కొన్నిట్లో ఏమీ లేవు. నేను క్రైస్తవురాలిని కాలేదు. అలాగని ఆ మూడేళ్ల ప్రార్థనలు నా మీద పడి ఊరికే జారిపోయాయని కూడా చెప్పలేను. జోసెఫ్, ఎడిత్, అన్నమ్మ, ఆ ముగ్గురిలో ఎవరి మాట నిజమో తేల్చుకోవడం నా వల్ల కాలేదు. నమ్ముతావా అని నన్ను ఎవరైనా అడిగితే తెలిసినంత చెబుతాను. తెలియని చోటు రాగానే ఆగిపోతాను. ఎదుటివాళ్లకు నచ్చే మాట ఒకటి నాలుక చివర సిద్ధంగానే ఉంటుంది. ఆగాలంటే ఈ వయసులోనూ భయమేస్తుంది. అయినా ఆగుతాను.