సుంకం లేని సరుకు

సూర్యాపేట బస్టాండుకు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం పైన ఉన్న పొడుగాటి హాల్లో నేను కొన్నేళ్ళు పనిచేశాను. కిటికీలు తీస్తే హైవే మీది లారీల మోత లోపలికి వచ్చేది. అందుకని ఎండాకాలంలో కూడా వాటిని మూసే ఉంచేవాళ్ళం. మా పని వినడం. అమెరికాలో ఒక ఆసుపత్రి డాక్టర్లు రోగుల్ని చూశాక, ఏం కనిపెట్టారో, ఏ మందు రాశారో నోటితో చెప్పి రికార్డు చేసేవారు. ఆ గొంతులు ఇంటర్నెట్‌లో మా కంప్యూటర్లకు వచ్చేవి. మేము హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్‌తో ఆపుతూ, వెనక్కి జరుపుతూ, విన్నదంతా ఇంగ్లీషులో టైపు చేసి తిరిగి పంపేవాళ్ళం.

నన్ను ఇచ్చింది చివ్వెంలలో గొర్రెలున్న ఇంటికి. రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. ఈ ఉద్యోగం సంగతి మా అత్త మొదట్లో నమ్మలేదు.

"చెవులల్ల గవి పెట్టుకొని కూసుంటె జీతమిస్తరా? జర మంచిగ అరుసుకో బిడ్డా, మోసమేమో" అన్నది.

మొదటి జీతంతో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తెచ్చాక ఇంకేమీ అనలేదు.

ఆ సెంటరు నడిపే సార్‌ది కోదాడ. తెల్ల చొక్కా, ఎప్పుడూ చేతిలో మడిచిన పేపరు. ట్రైనింగు మొదటిరోజే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"చూడండమ్మా, మిర్యాలగూడ బియ్యం బయటి దేశం పోవాలంటే ఓడరేవులో ఆపుతారు. సుంకం కట్టమంటారు, సర్టిఫికెట్లు అడుగుతారు. మన సరుకు తీగ మీద పోతుంది. తీగ మీద పోయేదానికి సుంకం వెయ్యకూడదని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. ఇక మనల్ని ఆపేవాడెవడు?"

ఆయన మమ్మల్ని మభ్యపెట్టడానికి ఆ మాట అనలేదు. కోదాడలో ఉన్న ఇల్లు కుదువబెట్టి కంప్యూటర్లు కొన్న మనిషి. ఆయన నమ్మాడు, మేమూ నమ్మాం.

నేను చేరిన మరుసటేడు నా పక్క సీట్లోకి ఒక అమ్మాయి వచ్చింది. చివ్వెంల అవతల ఒక తండా వాళ్ళది. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. టీచర్ ట్రైనింగు పూర్తిచేసి, సర్కారు టీచరు పరీక్ష పడేదాకా ఏదో ఒకటి చేద్దామని వచ్చింది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. ఒకే బస్సు కావడంతో తొందరగానే దగ్గరయ్యాం.

మాకు వచ్చే గొంతుల్లో ఒక ముసలి డాక్టరుది ఉండేది. మాటలు సగం మింగేసేవాడు. మధ్యలో ఏదో నములుతూ చెప్పేవాడు. ఆయన ఫైలు వస్తే అందరం పక్కవాళ్ళ మీదికి తోసేవాళ్ళం. ఈ అమ్మాయి మాత్రం తీసుకుంది.

"నీకెట్ల అర్థమైతున్నది?" అని అడిగాను.

"మా తాత గూడ తంబాకు నోట్ల పెట్టుకొని గిట్లనే మాట్లాడేటోడు అక్కా. అలవాటే."

అప్పట్నుంచి ఆ డాక్టరు ఆమెకే. ప్రతి రికార్డు చివర ఆయన ఒకసారి దగ్గి, "ఇది టైపు చేస్తున్నవాళ్ళు ఎవరో గాని, మీకు థాంక్స్" అనేవాడు. ఆమె ఆ ఒక్క వాక్యం టైపు చేసేది కాదు, కాని ఇంకోసారి వెనక్కి జరిపి వినేది. ఆయన దగ్గరికి షుగరు జబ్బున్న ఒక ముసలామె వచ్చేది. కాలి పుండు మానడం లేదు. ఆమె పెరట్లో టమాటలు పండిస్తుందని, డాక్టరుకూ తెచ్చిపెడుతుందని కూడా చెప్పేవాడు. రోగుల సంగతి ఎక్కడా మాట్లాడకూడదని రూలు. ఈ అమ్మాయి మాత్రం పేరు చెప్పకుండా, అన్నం తినేటప్పుడు నాకొక్కదానికే మెల్లగా చెప్పేది.

"ఇయ్యాల పుండు కొంచెం ఎండిందంట అక్కా."

సముద్రాల అవతలి మనిషి కాలి పుండు ఎండిందని ఆ పూట మాకు అన్నం రుచిగా ఉండేది.

టీచరు పరీక్ష పడింది. సరిగ్గా అప్పుడే సెంటరుకు పని ఎక్కువైంది. సార్ ఆమెను పిలిచి, మిగతావాళ్ళు చేసినవి సరిచూసే పని ఇస్తానన్నాడు, జీతం పెంచుతానన్నాడు. తండాలో వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. సర్కారు నౌకరీ, ఇదీ ఒకటేనా అని గొడవపెట్టాడట. బస్సులో నేనూ అడిగాను.

"పరీక్ష రాస్తవా లేదా?"

"మళ్ళ పడుతది గద అక్కా. గీ పని మళ్ళ దొరకదు. నాకు గీడ మంచిగున్నది."

ఆమె అప్లికేషను పెట్టింది గాని చదవలేదు. పరీక్ష రోజు కూడా మా సెంటరు హాల్లో నా పక్కనే కూర్చుని పనిచేసింది.

తర్వాత రెండేళ్ళు బాగానే గడిచాయి. ఒక పొద్దున మేం వచ్చేసరికి కంప్యూటర్లలో ఒక్క ఫైలూ లేదు. లైను పోయిందనుకున్నాం. సార్ టెలిఫోను ఆఫీసుకు ఫోన్ చేశాడు. లైను బాగానే ఉందన్నారు. మధ్యాహ్నం దాకా వట్టిగా కూర్చున్నాం. చివరికి సార్ తన గదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆసుపత్రి వాళ్ళు కొత్త షరతు పెట్టారమ్మా. రోగుల వివరాలు వాళ్ళ దేశం దాటకూడదంట. పని ఇక అక్కడే చేయించుకుంటారు."

"మనమేం తప్పు చేసినం సార్?" అన్నాను.

"ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు చేసి ఉంటే దిద్దుకునేవాళ్ళం."

ఆయన ఊరుకోలేదు. హైదరాబాదు పోయి, ఎగుమతుల సంగతి తెలిసిన అధికారుల్ని కలిసి వచ్చాడు. చొక్కా నలిగిపోయి ఉంది.

"ఆ ఒప్పందంలో సుంకం వెయ్యకూడదని మాత్రమే ఉందంట. పని మనకే ఇవ్వాలని గాని, సమాచారం దేశం దాటనివ్వాలని గాని లేదంట. జనం గుట్టు కాపాడుకోవడానికి ఏ దేశమైనా ఆపుకోవచ్చంట. అదీ ఒప్పందంలోనే రాసుందంట. నేను సగమే చదివానమ్మా."

నా పక్కనున్న అమ్మాయి అడిగింది. "మరి మనసొంటోళ్ళకు గా మిగతా సగం ఎవరు చెప్పాలె సార్?"

ఆయన చేతిలోని పేపరు ఇంకో మడత పెట్టాడు.

ఆ ఆసుపత్రి మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. మా అత్త జబ్బు సంగతి ఎక్కడో తెలియని ఊళ్ళో, తెలియని హాల్లో ఎవరో వింటారంటే నేను మాత్రం ఒప్పుకుంటానా? వాళ్ళ భయం సబబే. కోపగించుకోవడానికి ఎవరూ దొరకకపోవడంతో ఆ బాధ ఎటూ పోలేక లోపలే ఉండిపోయింది.

"ముసలామె కాలు ఏమైందో ఏమో" అంది ఆ అమ్మాయి, పెడల్ వైరు చుడుతూ.

కొన్నాళ్ళు రేషన్ కార్డుల వివరాలు ఎక్కించే పని దొరికింది. అదీ అయిపోయాక హాలు ఖాళీ చేశాం. సార్ ఇల్లు బాకీ కింద పోయిందని, కోదాడలో జిరాక్సు షాపు పెట్టాడని విన్నాను. నేను ఒక ప్రైవేటు బడిలో ఆఫీసు పనికి కుదిరాను. ఆ అమ్మాయి పెళ్ళయి నేరేడుచర్ల పోయింది. టీచరు పరీక్ష మళ్ళీ పడేసరికి చంటిబిడ్డ తల్లి. రాసింది గాని ఉద్యోగం రాలేదు.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు మా ఆడబిడ్డకు మిర్యాలగూడ దవాఖానలో ఆపరేషన్ అయితే చూడటానికి పోయాను. ఆ అమ్మాయి అక్కడే ఒక రైస్ మిల్లులో చేస్తోందని తెలిసి, వెతుక్కుంటూ వెళ్ళాను. లారీలు తూకం వేసే కాటా పక్కన చిన్న గది. చీటీలు కొడుతోంది. జుట్టు మీద, రెప్పల మీద తవుడు దుమ్ము. నన్ను చూసి లేచి చేతులు పట్టుకుంది.

టీ తెప్పించింది. పిల్లల సంగతులు చెప్పుకున్నాం. చాలాసేపటికి తనే అంది. "సెంటర్ల ఉన్నప్పుడు గా పరీక్ష రాసి తప్పినా గింత బాధ ఉండకపోవు అక్కా. రాయనే లేదు గద."

"సార్ మీద కోపముందా?"

"ఆయన మీదెందుకు? నమ్మి ఇల్లు పోగొట్టుకున్నడు పాపం. మనకు నౌకరీ ఒక్కటే గద పోయింది."

ఆ మాట అంటూ చీటీల కట్ట మళ్ళీ సర్దింది. నువ్వు మంచి టీచరమ్మవు అయ్యేదానివి అనాలనిపించింది. అంటే ఓదార్పు కాదు, పుండు కెలకడమే అవుతుందని ఊరుకున్నాను.

బయట లారీ హారన్ కొట్టింది. "ఒక్క నిమిషం అక్కా, పోకు" అని కాటా దగ్గరికి పోయింది. ఒకదాని వెనక ఒకటి మూడు లారీలు వచ్చాయి. నేను కాసేపు చూసి, దవాఖానలో మా ఆడబిడ్డ ఒక్కతే ఉందని గుర్తొచ్చి, దూరం నుంచే చేయి ఊపి వచ్చేశాను.