గుట్టన్న పుస్తకాల కాక

మా పక్క క్వార్టరు కాక మొన్న మంగళవారం ఉదయం చనిపోయారు. ఫస్టు షిఫ్టుకు వెళ్లే మావారికి టిఫిన్ డబ్బా సర్దుతుండగా వాళ్ల కోడలు గోడ మీదుగా ఆ మాట చెప్పింది.

గోదావరిఖనిలో బొగ్గు బావులు తవ్వుతున్న కొత్తలో వచ్చిన మనిషి. లాంపు రూంలో పని. దిగేవాళ్లకు దీపాలిచ్చి, పైకొచ్చాక తీసుకునేవారు. ఆయనకున్న సరదా ఒక్కటే, బొమ్మల కథల పుస్తకాలు. ఐదుగురు వీరుల జట్టు కథలవి. మంచిర్యాల వెళ్లినప్పుడల్లా కొనుక్కొచ్చి కాలనీ పిల్లలకు ఇచ్చేవారు. మొదటిది చదవనివాళ్లకు రెండోది ఇచ్చేవారు కాదు. చిరిగినవి నా దగ్గరికి వచ్చేవి. పేజీల వరుస చూసి దబ్బనంతో కుట్టేదాన్ని. కథలు మాత్రం చదివేదాన్ని కాదు.

ఆ జట్టులో బండలెత్తే వీరుణ్ని పిల్లలు గుట్టన్న అనేవారు. మిగతా ఊళ్లలో ఎగిరేవాడు ఇష్టమేమో, మా కాలనీలో అందరికీ గుట్టన్నే కావాలి. తండ్రులు రోజూ దిగేది బండల కిందికే కదా.

ఎదురింటి పిల్లకు అప్పుడు పదేళ్లు. బావిలో పైకప్పు కూలి వాళ్ల నాన్న దవాఖానలో పడ్డ వారంలోనే కొత్త పుస్తకం వచ్చింది. అందులో గుట్టన్న కూలుతున్న సొరంగాన్ని చేతులతో ఆపి, నలుగురినీ బయటికి పంపి, తాను రాడు. కాక అది నా చేతికిచ్చారు.

"బిడ్డా, ఆఖరి నాలుగు పేజీలు తెరువరాకుంట కలిపి కుట్టెయ్యి. ఆ పిల్ల రేపు అడుగుతది."

"ఇయ్యకుంటే అయిపాయె కద కాకా?"

"ఇయ్యకుంటే ఏదో అయిందని ఎరుకైతది. పిల్లలు గంత ఎడ్డోళ్లా?"

కుట్టాను. మర్నాడు పుస్తకం తీసుకెళ్లిన పిల్ల గంటలోనే దానితో కాక ముందు నిలబడింది.

"గిదేంది కాకా, సంచి లెక్క కుట్టిండ్రు? గుట్టన్న సచ్చిండా?"

కాక పుస్తకం మూసి మళ్లీ దాని చేతిలోనే పెట్టారు. "మీ నాయిన ఇంటికొచ్చినంక ఆయన పక్కన కూసొని కుట్లు ఇప్పు. గప్పటిదాక నన్ను అడగకు."

రెండు నెలలు ఆ పిల్ల ఒక్క కుట్టు కూడా తెంపలేదు. తండ్రి కర్ర పట్టుకుని ఇంటికి వచ్చిన సాయంత్రం నా కత్తెర అడిగి తీసుకెళ్లింది.

తర్వాతి పుస్తకంలో గుట్టన్న స్థానంలో మెరుపులు విసిరే అమ్మాయి వచ్చినప్పుడు, అసలది జట్టే కాదంది ఆ పిల్ల.

"నీకు కాదు," అన్నారు కాక. "నీ వెనక పుట్టినోళ్లకు గామెనే అసలు మనిషి. వాళ్లతోని లొల్లి పెట్టుకోకు."

ఆయన అన్నట్టే అయింది. తర్వాతి పిల్లలు మెరుపుల అమ్మాయి లేని జట్టును ఒప్పుకునేవారు కాదు. పాతవాళ్లు, కొత్తవాళ్లు ఆయన అరుగు మీద వాదించుకుంటుంటే కాక ఏ పక్కా మాట్లాడేవారు కాదు. పేజీలు నలపొద్దని మాత్రం అనేవారు.

మొన్న మంగళవారం ఆయన్ని పడుకోబెట్టేందుకు వాళ్ల ముందుగది ఖాళీ చేస్తూ పుస్తకాలన్నీ ఆ అరుగు మీదికి తెచ్చారు. ఎదురింటి పిల్ల తన ఏడేళ్ల కూతురితో వచ్చింది. ఆ పాప మెరుపుల అమ్మాయి ఉన్న పుస్తకం ఏరుకుని, కర్ర పట్టుకుని అక్కడే ఉన్న తన తాత పక్కన కూర్చుంది.

"గీమెకు ముందు గీ జాగల గుట్టన్న ఉండె," అంది తల్లి.

"యాడికి పోయిండు?"

తల్లి ఒకసారి తన తండ్రి వైపు చూసింది. "సచ్చిపోయిండు. అందర్ని బయటికి తోలి సచ్చిపోయిండు."

పాప వేళ్ల మీద లెక్కపెట్టింది. "అయితే నలుగురే మిగిలిండ్రు. గీమె రాకుంటే ఎట్ల మరి?"

పాడె లేపారు. అందరం లేచి నిలబడ్డాం. పాప ఒక్కతే కూర్చుని, బొమ్మ కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది.