సాగిన టేపు

ఆమె ఆఫ్రికా వెళ్తోందని చర్చిలో చెప్పిన ఆదివారం నాకు అన్నం సహించలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. వర్జీనియాలో మా తెలుగు చర్చికి సొంత చోటు లేదు. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని మధ్యాహ్నాలు ఆరాధన చేసుకునేవాళ్ళం. ఆమె గుంటూరు వైపు మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో నాకు రెండేళ్ళు జూనియర్. సిరంజీ పట్టుకోవడం ఆమెకు నేర్పింది నేను. తీరా అమెరికా వచ్చాక ఇక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఆమె మొదటిసారే పాసైంది. నేను రెండుసార్లు తప్పి, ఒక ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో ఫిల్ములు కడిగే పనికి కుదిరాను. ఆమె ఉద్యోగం చేస్తూనే పబ్లిక్ హెల్త్ చదివి ఒక పరిశోధన బృందంలో చేరింది. పశ్చిమాఫ్రికా పల్లెల్లో తట్టు సోకిన పిల్లల్లో ఎవరు కోలుకుంటున్నారు, ముందే బక్కచిక్కినవాళ్ళు ఏమవుతున్నారు అన్నది వాళ్ళు చూడబోయే విషయం.

పాస్టరుగారు ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే, ఆ చెయ్యి నా తలమీద ఉండాల్సిందని కళ్ళు మూసుకునే కుళ్ళుకున్నాను. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మాత్రం నేనే.

భోజనాల దగ్గర ఆమె నా పక్కకొచ్చి కూర్చుంది.

"అక్కా, మీ హాస్పిటల్లో పాడైన ఎక్స్‌రే ఫిల్ములు పారేస్తారుగా? సూపర్‌వైజర్‌ని అడిగి కొన్ని తెచ్చిపెట్టవా? పిల్లల చేతులు కొలిచే పట్టీలు చెయ్యాలి. నాకు ప్యాకింగే అవ్వట్లా. నీ చెయ్యి నీట్‌గా ఉంటది."

ఊరేగేది తను, కత్తిరింపులు నావి! కాదనడానికి మొహం చెల్లక సరేనన్నాను.

ఆ పట్టీ పని సులువే. పిల్లల ఎడమ జబ్బకు చుట్టి చూస్తారు. ఎరుపు రంగులో తేలితే బాగా చిక్కిపోయినట్టు, వెంటనే పాలపొడి, మందులు. పసుపైతే కనిపెట్టి ఉండాలి. ఆకుపచ్చయితే పరవాలేదు. పన్నెండున్నర సెంటీమీటర్ల దాకా ఎరుపు, ఆపైన ఒక సెంటీమీటరు పసుపు. చదువు రానివాళ్ళు కూడా చూసి చెప్పేయొచ్చు.

ఫిల్ముల్ని మా బాత్‌టబ్‌లో బ్లీచ్ నీళ్ళలో నానేశాను. ఎవరివో పక్కటెముకలు, ఎవరివో మోకాళ్ళు కరిగిపోయి, ఫిల్ములు గాజులా తేటగా మిగిలాయి. "నేను స్నానం ఎక్కడ చెయ్యాలి?" అని మా ఆయన గొడవ. ఆమె ఒక స్టీలు స్కేలు కూడా ఇచ్చి, ప్రతి పట్టీ దాంతోనే గియ్యమంది. ఆ స్కేలు సంచిలోంచి బయటికే తియ్యలేదు నేను. ఊహ తెలిసినప్పటినుంచి జాకెట్లు కుడుతున్నదాన్ని, కొలవడం నాకు ఈమె నేర్పాలా? మా అమ్మ ఇచ్చిన పసుపు గుడ్డ టేపు తీసి ఒక పట్టీ కొలిచాను. మిగతా నూట యాభై దానిమీద పెట్టి గీసి, రంగులేసేశాను. ఆమె వాటిని తీసుకుని విమానమెక్కింది.

నెల తిరక్కుండానే న్యూజెర్సీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. అంతకుముందు ఆవిడ తన టేపుతో కొలుచుకుని, ఫోన్లో చెప్పిన కొలతలకి నేను జాకెట్టు కుట్టి పంపాను. "ఏంటండీ, ఇందులో ఇద్దరం పట్టేట్టున్నాం!" అంది. ఒళ్ళు మండి బజారుకెళ్ళి కొత్త టేపు కొని, పాతదాని పక్కన బల్లమీద పరిచాను. మా అమ్మ టేపు రెండు వేళ్ళ మేర సాగి ఉంది. అదే టేపుతో ఒళ్ళు కొలిచి, అదే టేపుతో గుడ్డ కత్తిరిస్తుంటే ఇన్నేళ్ళూ తేడా బయటపడలేదు.

పట్టీలు గీసిందీ ఆ టేపుతోనే. నా పట్టీల్లో ఎరుపు ఎక్కువ మేర పాకింది. పసుపులో ఉండాల్సిన పిల్లలు ఎరుపులోకి వస్తారు. ఉన్న పాలపొడి వాళ్ళకీ పంచితే, నిజంగా చిక్కిపోయినవాళ్ళకి తగ్గిపోతుంది. పరిశోధన సరేసరి, పనికిరాదు.

అప్పుడే విదేశాలకి రాసే నీలిరంగు ఏరోగ్రామ్ తీసి, లోపల తేదీ వేసి, జరిగింది రాసి, మడిచి అంటించాను. పోస్ట్ చెయ్యలేదు. పాటల పుస్తకంలో పెట్టాను. ఆమె లెక్కలు తప్పితే ఏమవుతుందో చూడాలనిపించింది. అవును, చూడాలనిపించింది. మూడు ఆదివారాలు ఆ పుస్తకంలోంచే పాటలు పాడాను, ఆమె క్షేమం కోసం మోకరించాను. మూడో ఆదివారం పాస్టరుగారు ఆమె రాసిన ఉత్తరం చదివారు. తెల్లారకముందే తల్లులు వచ్చి వరసలో కూర్చుంటున్నారట. పాలపొడి ఎరుపు పడ్డ పిల్లలకే చాలడం లేదట. మర్నాడు పనికి వెళ్తూ నా ఏరోగ్రామ్ పోస్టు డబ్బాలో వేశాను.

ఆరు నెలలకి ఆమె తిరిగొచ్చింది. నల్లబడింది, బాగుంది. అదే బేస్‌మెంట్, అవే భోజనాలు. వడ్డన తనే చేస్తూ నా దగ్గర ఆగింది.

"అక్కా, నీ పట్టీలు నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చాయి. మొదటి రోజే స్టీలు టేపుతో చెక్ చేశాలే. ఏదైనా వాడేముందు ఒకసారి చూసుకోమని నువ్వేగా నేర్పావ్. రంగు తుడిచేసి అన్నీ మళ్ళీ గీశాం."

నా గుండెలమీది బండ దిగినట్టయింది. నా వల్ల ఏ బిడ్డకీ పాలు తగ్గలేదు. ఆమె అక్కడితో ఆగలేదు.

"ప్రొఫెసర్ అడిగితే నేనే తప్పు గీశానని చెప్పా. నిన్నెందుకు మధ్యలోకి లాగడం?"

చేతులెత్తి దండం పెట్టాల్సిన మాట. నాకేమో ఒళ్ళు మండింది. ఆఫ్రికా దాకా వెళ్ళిన పనిలో నాదంటూ మిగిలింది ఆ తప్పొక్కటే. అదీ తన పేరుమీద వేసుకుంది.

"నేను రాసిన ఏరోగ్రామ్ అందిందా?" అన్నాను, ముందే చెప్పానని అనిపించుకోవాలని.

"అందింది అక్కా." గరిటె గిన్నెలో పెట్టింది. "లోపల నువ్వేసిన తేదీ చూశా. పైన పోస్టాఫీసు ముద్రలో తేదీ కూడా చూశా."

తిడుతుందేమో అని చూశాను. తిడితే బాగుండేది. ఆమె వంగి నా ఎడమ జబ్బ పట్టుకుంది, రెండు వేళ్ళతో, చుట్టూ.

"చిక్కిపోయావేంటక్కా?" అంటూ నా ప్లేటులో మరో గరిటె కూర వేసింది.

తలదించుకుని తిన్నాను. కూర కూడా నాకంటే తనే బాగా వండింది.